నక్కకూ కుక్కకూ ఒకే పిడుదు

సికింద్రాబాద్ నుంచి మేడ్చల్ వెళ్లే రైలుమార్గంలో గుండ్లపోచంపల్లి తర్వాతి స్టేషన్ గౌడవెల్లి. ఒకప్పుడు మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతం అంటే ద్రాక్షతోటలు, కోళ్ల ఫారాలు గుర్తొచ్చేవి. ఇప్పుడు వరిమడి పక్కనే వెంచరు, వెంచరు ప్రహరీని ఆనుకుని తుమ్మపొదల బీడు, దాన్ని కోసుకుంటూ ఔటర్ రింగ్ రోడ్డు కనిపిస్తాయి. ఈ నేల మీద కుక్కలు మూడు రకాలుగా బతుకుతున్నాయి. గేటు లోపల ఇంటికుక్క, గొర్రెల మంద వెంట తిరిగే కాపలాకుక్క, పెట్టింది తిని వీధిలో పడుకునే ఊరకుక్క. చీకటి పడితే వీటి దూరపు చుట్టం కూడా బయటికొస్తుంది. అదే నక్క. చచ్చిన కోళ్లను పారేసిన గుంటల దగ్గర, చెరువుగట్టు మీద, పొలం గెట్ల వెంట నక్క నడిచిన దారిలోనే పొద్దున కుక్కలు నడుస్తాయి.

నక్కను చూస్తే కుక్క మొరుగుతుంది, కుక్కను చూస్తే నక్క పొదలోకి దూరుతుంది. రెండూ కలిసి తిరగవు. అయినా వాటి రక్తంలో ఒకే రకం సూక్ష్మజీవులు దొరుకుతున్నాయి. ఒకదాని రక్తం తాగి, గడ్డిలో కాచుకుని, మరొకదాన్ని పట్టుకునే పిడుదు వాటి మధ్య రాయబారం నడుపుతోంది. ఊళ్లో కుక్క రక్తాన్ని పట్టించుకోకుండా బీడులో నక్కను గానీ, అడవిలో రేచుకుక్కను గానీ కాపాడలేం. ఈ అధ్యాయంలో చెప్పదలచిన మాట అదొక్కటే.

మద్రాసు వేటకుక్కలు, 1910

ఈ విషయం మనకు తెలిసింది నిన్నమొన్న కాదు. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజులవి. మద్రాసులోని తెల్లదొరలకు గుర్రాల మీద వేటకు వెళ్లడం ఒక వేడుక. ఇంగ్లండులో ఎర్రనక్కను తరిమే వేటకుక్కలతో ఇక్కడ మన నక్కను తరిమేవారు. ‘మద్రాస్ హంట్’ అనే ఆ వేటగాళ్ల బృందం కుక్కలు జబ్బు పడి నీరసించిపోతుంటే, ఇండియన్ మెడికల్ సర్వీస్ వైద్యుడు డబ్ల్యు. ఎస్. ప్యాటన్ వాటి రక్తాన్ని మైక్రోస్కోప్ కింద పెట్టి చూశాడు. ఎర్రకణాల్లో చిన్న చిన్న ఉంగరాల్లాంటి పరాన్నజీవులు కనిపించాయి. అప్పటికి కుక్కల్లో తెలిసిన రకంకంటే అవి చాలా చిన్నవి. ఆయన అక్కడితో ఆగలేదు. ఆ కుక్కలు తరిమే నక్కల రక్తం కూడా తీసి చూశాడు. అవే ఉంగరాలు నక్క రక్తంలోనూ ఉన్నాయి. 1910లో ఆ పరాన్నజీవికి గిబ్సోని అని పేరు పెట్టి ప్రపంచానికి తెలియజేశాడు. ఈనాటి పుస్తకాల్లో అది ‘బబీసియా గిబ్సోని’.

ప్యాటన్ రాసిన ఆ చిన్న నివేదిక శీర్షికలోనే వేటకుక్కా ఉంది, నక్కా ఉంది. పెంపుడు జంతువు, అడవి జంతువు అన్న గోడ పరాన్నజీవికి లేదని దక్షిణ భారతదేశంలో శతాబ్దం కిందటే రుజువైంది. ఆ తర్వాత ఈ బబీసియా జపాన్, అమెరికా, ఆస్ట్రేలియా దాకా వ్యాపించింది. కొన్నిచోట్ల పిడుదుల అవసరం లేకుండానే పాకింది. పందేల కోసం కొట్లాడించే కుక్కలు ఒకదాన్నొకటి కరిచినప్పుడు, రక్తం రక్తంలో కలిసి జబ్బు అంటుకుంది. తల్లి నుంచి కడుపులోని పిల్లలకూ చేరుతుంది. పరీక్షించకుండా రక్తం ఎక్కించినా అంతే.

బబీసియా అన్న పేరు రుమేనియా శాస్త్రవేత్త విక్టర్ బాబెష్ మీదుగా వచ్చింది. ఆయన 1888లో పశువుల రక్తంలో ఈ కుటుంబపు జీవిని మొదట చూశాడు. 1893లో అమెరికాలో థియోబాల్డ్ స్మిత్, ఫ్రెడరిక్ కిల్‌బోర్న్ కలిసి, పశువులను చంపే టెక్సాస్ జ్వరం పిడుదు కాటుతో వస్తుందని నిరూపించారు. కీళ్లకాళ్ల జీవి ఒకటి రోగాన్ని ఒక జంతువు నుంచి మరో జంతువుకు మోస్తుందని ప్రయోగంతో తేల్చడం అదే మొదలు. నాలుగేళ్ల తర్వాత, 1897 ఆగస్టు 20న, రోనాల్డ్ రాస్ సికింద్రాబాద్ పక్కన బేగంపేటలో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నాడు. గౌడవెల్లికి దక్షిణాన, నగరంలోనే జరిగిన పరిశోధన అది. మలేరియా కూడా ఎర్రకణంలో కాపురం పెట్టే జబ్బే. అక్కడ దోమ చేసే పనిని ఇక్కడ పిడుదు చేస్తుంది.

పిడుదు బతుకు

కొన్నిచోట్ల పిడుదు అంటారు, కొన్నిచోట్ల గోమారి అంటారు. ఇది పురుగు కాదు, సాలీడుకు బంధువు. పెద్దదానికి ఎనిమిది కాళ్లు. మన కుక్కల మీద ఎక్కువగా కనిపించేది గోధుమరంగు కుక్కపిడుదు. దీని శాస్త్రీయనామం రైపిసెఫాలస్ సాంగ్వినియస్. ఆకలితో ఉన్నప్పుడు మూడు మిల్లీమీటర్లు మించని ఆడపిడుదు, వారం రోజులు రక్తం తాగాక ఆముదం గింజంత ఉబ్బి బూడిదరంగుకు తిరుగుతుంది. కుక్క చెవి మడతలో, కాలివేళ్ల మధ్య, మెడపట్టీ కింద మనకు దొరికేది అదే.

కడుపు నిండగానే అది కుక్కను వదిలి కింద పడుతుంది. అక్కడి నుంచి దాని గురించి మనం మరచిపోతాం. అసలు కథ అప్పుడే మొదలవుతుంది. ఈ పిడుదుకు పైకి పాకే అలవాటుంది. గోడ పగుళ్లు, తలుపు చట్రం సందులు, కుక్కగూడు పైకప్పు, పేర్చిన ఇటుకల మధ్య ఖాళీలు దీనికి ఇష్టమైన చోట్లు. అక్కడ చేరి వేల గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. గుడ్ల నుంచి ఆరు కాళ్ల పిల్లలు వస్తాయి. ఇసుకరేణువంత ఉండే ఆ పిల్ల ఒక కుక్కను ఎక్కి, రక్తం తాగి, దిగి, చర్మం విడిచి ఎనిమిది కాళ్ల రెండో దశకు వస్తుంది. మళ్లీ ఒక కుక్కను ఎక్కుతుంది, దిగుతుంది, పెద్దదవుతుంది. మూడోసారి మరో కుక్కను ఎక్కుతుంది. మూడు భోజనాలకు మూడు వేరు వేరు జంతువులు దొరకవచ్చు. మొదటిది ఊరకుక్క, రెండోది నక్క, మూడోది మీ ఇంటికుక్క అయినా కావచ్చు. మన వాతావరణంలో ఈ చుట్టు రెండు మూడు నెలల్లో పూర్తవుతుంది, కాబట్టి ఏడాదిలో కొన్ని తరాలు దాటిపోతాయి. తిండి దొరక్కపోయినా పెద్ద పిడుదు నెలల తరబడి, ఒక్కోసారి ఏడాదికి పైగా బతికి కాచుకుంటుంది. ఖాళీ చేసిన ఇంట్లో కొత్తగా తెచ్చిన కుక్కపిల్లకు వారంలోనే ఒళ్లంతా పిడుదులు పట్టడానికి కారణం ఇదే.

బబీసియా ఈ పిడుదు శరీరంలో చేసే పని ఆశ్చర్యం కలిగిస్తుంది. రక్తంతో పాటు పేగులోకి వెళ్లిన పరాన్నజీవి పేగుగోడ దాటి, అండాశయంలోకి చొరబడి, గుడ్లలో చేరుతుంది. అంటే ఇంతవరకూ ఏ కుక్క రక్తమూ తాగని పిల్లపిడుదు పుట్టుకతోనే జబ్బును మోసుకొస్తుంది. స్మిత్, కిల్‌బోర్న్ పశువుల పిడుదుల్లో కనిపెట్టిన అంశాల్లో ఇదొకటి. కుక్కకు అతుక్కున్న తర్వాత పిడుదు లాలాజల గ్రంథుల్లో పరాన్నజీవి పరిపక్వం కావడానికి సుమారు రెండు రోజులు పడుతుంది. ఆ లోపే పిడుదును తీసేస్తే బబీసియా ఎక్కే అవకాశం బాగా తగ్గుతుంది. రోజూ సాయంత్రం కుక్క ఒళ్లు తడిమి చూడాలని పశువైద్యులు చెప్పడం వెనక ఉన్న శాస్త్రం ఇంతే.

ఊరిబయట గడ్డిలో, పొదల్లో మరో జాతి ఉంటుంది. అది హీమాఫిసాలిస్. గొర్రెలు, మేకలు, పశువులతో పాటు కుక్కలనూ పడుతుంది. మంద వెంట రోజంతా బీడులో తిరిగే కాపలాకుక్కకు రెండు జాతుల పిడుదులూ తగులుతాయి. నక్క తిరిగే చోటికీ మనిషి వాకిలికీ మధ్య రోజూ రాకపోకలు సాగించేది ఆ కుక్కే.

చెవికొన నుంచి ఒక చుక్క

పల్లె పశువుల దవాఖానాలో ఎన్నోసార్లు వినిపించే సంభాషణ ఇలా సాగుతుంది.

“డాక్టరమ్మా, మూడు రోజులాయె, బువ్వ ముడ్తలేదు. మూలకు పడి లేస్తలేదు.”

“పిడుదులు ఉన్నయా తాతా?”

“ఉంటే గుంజి పడేసిన బిడ్డా. మొన్నటి సంది ఉచ్చ ఎర్రగ పోస్తున్నది.”

ఆ చివరి మాటతో పశువైద్యురాలికి సగం విషయం అర్థమైపోతుంది. కుక్క పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు గులాబీరంగు పోయి పాలిపోయి ఉంటాయి. థర్మామీటరు 104 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతుంది. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు అది 101 నుంచి 102.5 మధ్య ఉండాలి. పొట్ట తడిమితే ఉబ్బిన ప్లీహం చేతికి తగలవచ్చు.

అప్పుడు ఆమె చేయాల్సిన పనికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. చెవికొన మీద వెంట్రుకలు తీసి, స్పిరిట్‌తో తుడిచి, సూదితో చిన్నగా గుచ్చుతుంది. సన్నటి రక్తనాళాల్లో పరాన్నజీవులున్న కణాలు ఎక్కువగా చిక్కుకుంటాయి కాబట్టి చెవికొన మంచి చోటు. ఆ చుక్కను ఒక స్లైడు చివర తీసుకుని, రెండో స్లైడు అంచును ఏటవాలుగా ఆనించి ఒక్క ఊపులో ముందుకు తోస్తుంది. రక్తం పలచటి పొరగా పరుచుకుంటుంది. ఆరనిచ్చి, మిథనాల్‌లో ముంచి, జీమ్సా రంగు వేసి, అరగంట తర్వాత నీళ్లతో కడిగి, నూనెచుక్క వేసి వెయ్యిరెట్ల పెద్దదిగా చూస్తుంది.

కుక్క ఎర్రకణం వెడల్పు సుమారు ఏడు మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. గులాబీరంగు గుండ్రటి కణం లోపల ఒకటి నుంచి మూడు మైక్రాన్ల చిన్న నీలి ఉంగరం, దాని అంచున ఊదారంగు చుక్క కనిపిస్తే అది బబీసియా గిబ్సోని. ఒక కొస సూదిగా, ఒక కొస లావుగా, కణంలో సగానికి పైగా ఆక్రమించి జంటగా ఉంటే అది మరో రకం, బబీసియా వోగెలి. ఈ తేడా చూడటం ఎందుకంటే, రెండింటికీ మందులు వేరు. వోగెలి లాంటి పెద్ద బబీసియాకు ఇమిడోకార్బ్ ఇంజెక్షన్ బాగా పనిచేస్తుంది. చిన్నదైన గిబ్సోని దానికి సరిగా లొంగదు. దానికి మలేరియాలో వాడే అటోవక్వోన్‌ను అజిత్రోమైసిన్‌తో కలిపి ఇవ్వడమో, మూడు యాంటీబయోటిక్స్ కలిపి వారాల తరబడి వాడడమో చేయాలి. అటోవక్వోన్‌కు కూడా లొంగని గిబ్సోని రకాలు బయటపడ్డాయి. పరాన్నజీవి జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారితే మందు అతుక్కునే చోటు మారిపోతుంది. చూడకుండా సూది పొడిస్తే ఒక కుక్క నష్టపోవడంతో ఆగదు, మందుకే పదును పోతుంది.

మరొక సంగతి. రక్తలేపనంలో వందలో ఒకటో రెండో కణాల్లోనే పరాన్నజీవి కనిపిస్తుంది, కుక్కకేమో రక్తం సగానికి పడిపోయి ఉంటుంది. పరాన్నజీవి నేరుగా పగలగొట్టిన కణాలు కొన్నే. దాని వల్ల మామూలు కణాల పైపొర కూడా మారిపోయి, కుక్క సొంత రోగనిరోధక వ్యవస్థే వాటిని పరాయివనుకుని ప్లీహంలో నాశనం చేస్తుంది. పగిలిన కణాల హీమోగ్లోబిన్ మూత్రంలోకి దిగుతుంది. తాత చెప్పిన ఎర్రరంగు అదే.

తెల్లకణంలో దాక్కునేది

అదే స్లైడు అంచున ఒక్కోసారి మరో దృశ్యం కనిపిస్తుంది. తెల్లకణం లోపల, దాని కేంద్రకాన్ని పక్కకు నెట్టేసి, నున్నటి కోడిగుడ్డు ఆకారపు నీలి జీవి ఉంటుంది. ఇది హెపటోజూన్ కానిస్. దీన్ని కూడా ప్రపంచం మొదట చూసింది భారతదేశపు కుక్కల్లోనే. 1905లో ఎస్. పి. జేమ్స్ దీన్ని వర్ణించాడు. 1907లో క్రిస్టోఫర్స్ కుక్కపిడుదు శరీరంలో దీని జీవితచక్రాన్ని వివరించాడు.

బబీసియాకూ దీనికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. ఇది పిడుదు కాటుతో ఎక్కదు. పిడుదునే కుక్క మింగాలి. ఒళ్లు దురద పెట్టినప్పుడు కుక్క పళ్లతో గీరుకుంటూ పిడుదును కొరికి మింగేస్తుంది. పిడుదు శరీరంలోని పరాన్నజీవులు కుక్క పేగులోకి విడుదలై, రక్తం ద్వారా ప్లీహానికి, ఎముక మజ్జకు, కాలేయానికి చేరతాయి. ఆరోగ్యంగా ఉన్న చాలా కుక్కల్లో ఇది పెద్దగా బాధ పెట్టకుండా పడి ఉంటుంది. వేరే జబ్బు తోడైనప్పుడు, తిండి కరువైనప్పుడు విజృంభిస్తుంది.

అడవి సంగతికి వస్తే, ఈ విషయంలో హైదరాబాద్‌కు ప్రత్యేక స్థానముంది. కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీకి అనుబంధంగా అత్తాపూర్‌లో పనిచేసే వన్యప్రాణి పరిశోధన ప్రయోగశాల లాకోన్స్ శాస్త్రవేత్తలు 2012లో ఒక పరిశోధన ప్రచురించారు. మన దేశపు సింహాలు, పులులు, చిరుతలు, రేచుకుక్కలతో పాటు ఇంటి కుక్కలు, పిల్లుల రక్తాన్నీ డీఎన్‌ఏ పద్ధతిలో పరీక్షించారు. పిల్లి కుటుంబపు జంతువుల్లో హెపటోజూన్ ఫెలిస్ అనే రకం దొరికింది. రేచుకుక్కల్లోనూ, ఇంటి కుక్కల్లోనూ దొరికింది ఒకటే, హెపటోజూన్ కానిస్. అంటే మన వీధికుక్క రక్తంలో తిరిగే పరాన్నజీవే అడవిలో వేటాడే రేచుకుక్క రక్తంలోనూ ఉంది. తెలంగాణలో కవ్వాల్, అమ్రాబాద్ అడవుల్లో బతికే ఈ రేచుకుక్కలు ప్రపంచమంతా కలిపి, పిల్లల్ని కనే వయసువి రెండున్నర వేల లోపే మిగిలాయని అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ అంచనా. అంత తక్కువ సంఖ్యలో, గుంపులుగా, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ బతికే జంతువుకు చిన్న అంటువ్యాధి కూడా పెద్ద దెబ్బే.

ఐరోపాలో ఎర్రనక్కల విషయంలో ఇంకో వింత బయటపడింది. కుక్కపిడుదు అసలు లేని చలిదేశాల్లో కూడా వాటి రక్తంలో హెపటోజూన్ కానిస్ దొరికింది. తల్లి నుంచి పిల్లకు గర్భంలోనే ఇది చేరగలదని జపాన్‌లో కుక్కల మీద 1990లలోనే తేలింది. ఒకసారి అడవి జంతువుల్లో పాతుకుపోయాక, ఈ పరాన్నజీవిని వెనక్కి రప్పించడం ఎవరి చేతిలోనూ ఉండదు.

ఈదుతూ పోయేది

పిడుదుతో సంబంధం లేని రక్తపరాన్నజీవి కూడా మన ఊళ్లలో ఉంది. గేదెలున్న చోట జోరీగలు ఉంటాయి. జోరీగ కాటు నొప్పి పెడుతుంది. పశువు తోక విసిరితే సగం రక్తం తాగిన ఈగ లేచి పక్క జంతువు మీద వాలుతుంది. దాని మూతికి అంటిన రక్తంతో పాటు ట్రిపనోసోమా ఇవాన్సై చేరిపోతుంది. దీనితో వచ్చే జబ్బును సర్రా అంటారు. 1880లో గ్రిఫిత్ ఇవాన్స్ అనే పశువైద్యుడు, నేటి పాకిస్తాన్‌లోని డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో గుర్రాల రక్తంలో దీన్ని కనుగొన్నాడు. రోగం కలిగించే ట్రిపనోసోమాల్లో మొట్టమొదట దొరికింది ఇదే.

దీన్ని చూడటానికి రంగు కూడా అక్కర్లేదు. తాజా రక్తపు చుక్కను స్లైడు మీద వేసి మైక్రోస్కోప్ కింద పెడితే, ఎర్రకణాలు అటూ ఇటూ కదిలిపోతుంటాయి. వాటిని తోసుకుంటూ మెలికలు తిరిగే సన్నటి జీవి ఈదుతూ కనిపిస్తుంది. గేదెలో సర్రా తరచుగా గుట్టుగా ఉండిపోతుంది. కుక్కలో అది తీవ్రరూపం దాలుస్తుంది. ముఖం, కాళ్లు వాస్తాయి. కళ్లకు తెల్లటి పొర కమ్మి చూపు పోతుంది. జ్వరం వచ్చి, తగ్గి, మళ్లీ వస్తుంది. దానికి కారణం పరాన్నజీవి ఒంటిమీది ప్రోటీన్ పొర. కుక్క శరీరం ఆ పొరను గుర్తుపట్టి దాడి మొదలుపెట్టేసరికి, కొన్ని పరాన్నజీవులు పొర మార్చేసుకుంటాయి. పొరలు మార్చడానికి వాటి దగ్గర పెద్ద జన్యుభండారమే ఉంది.

కుక్కకు, నక్కకు ఇది ఈగకాటుతోనే కాక, సర్రాతో చచ్చిన పశువు పచ్చిమాంసం తిన్నా సోకుతుంది. ఊరిబయట పారేసిన కళేబరం దగ్గరికి ముందు కుక్కలొస్తాయి, తర్వాత నక్కలొస్తాయి. 2000 జూలైలో ఒడిశాలోని నందన్‌కానన్ జూలో పన్నెండు పులులు ట్రిపనోసోమా వల్లే చనిపోయాయి. మనిషి రక్తంలో ఈ పరాన్నజీవిని చంపే ప్రోటీన్ ఒకటుంది కాబట్టి సాధారణంగా మనకు భయం లేదు. అయినా 2004లో మన ఆసిఫాబాద్‌కు పొరుగునే ఉన్న మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలో ఒక రైతుకు ఇది సోకింది. పరీక్షిస్తే ఆయన శరీరంలో పుట్టుకతోనే ఆ ప్రోటీన్ లేదని తేలింది. సురామిన్ మందుతో ఆయన కోలుకున్నాడు. మనల్ని కాపాడుతున్నది ఒకే ఒక్క ప్రోటీన్ అని ప్రపంచానికి తెలిసింది ఆ రైతు వల్లే.

‘టిక్ ఫీవర్’ అని జనం పిలిచే జబ్బుల్లో ఎర్లికియా కూడా ఉంది. అది పరాన్నజీవి కోవలోది కాదు, బ్యాక్టీరియా. అదే పిడుదు, అదే కుక్క కాబట్టి ఇక్కడ ప్రస్తావించక తప్పదు. తెల్లకణాల్లో చేరి ప్లేట్‌లెట్లను పడగొడుతుంది. ముక్కు నుంచి రక్తం కారుతుంది. వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యపు కుక్కలను వందల సంఖ్యలో చంపింది ఇదే. డాక్సీసైక్లిన్ మాత్రలు నాలుగు వారాల పాటు వాడితే చాలా కుక్కలు కోలుకుంటాయి. ఒకే కుక్కలో బబీసియా, ఎర్లికియా, హెపటోజూన్ కలిసి ఉండటం కూడా అరుదు కాదు. ఒక మందుకు తగ్గలేదంటే మందు పనిచేయలేదనే కాదు, రెండో జబ్బు మిగిలి ఉందని కూడా అర్థం కావచ్చు.

ఎవరి నుంచి ఎవరికి

కుక్కకు జబ్బొస్తే నక్కను తిట్టడం తేలిక. పరాన్నజీవి చరిత్ర చూస్తే న్యాయం ఒకవైపే లేదు. దక్షిణాఫ్రికాలో బబీసియా రోసి అనే రకం ఇంటికుక్కను రోజుల్లో చంపుతుంది. అక్కడి నల్లవీపు నక్క రక్తంలో అదే పరాన్నజీవి ఉన్నా నక్క హాయిగా తిరుగుతుంది. నక్కే దానికి సహజమైన ఇల్లని 2017లో శాస్త్రవేత్తలు తేల్చారు. ఎన్నో వేల తరాలుగా ఒకదానికొకటి అలవాటు పడిన జంతువూ పరాన్నజీవీ సర్దుకుపోతాయి. కొత్తగా తగిలిన జంతువే నేలకూలుతుంది. మద్రాసులో ఇంగ్లండు జాతి వేటకుక్కలు కూలి, నక్క నిలబడటానికీ ఇదే వివరణ సరిపోతుంది.

దారి రెండోవైపు కూడా తెరిచే ఉంది. మహారాష్ట్ర నన్నజ్ గడ్డిభూముల్లో ఊరకుక్కలనూ గుంటనక్కలనూ కలిపి చేసిన పరిశీలన 2014లో వెలువడింది. కుక్కల్లో తిరిగే డిస్టెంపర్, పార్వో వైరస్‌ల ఆనవాళ్లు గుంటనక్కల రక్తంలోనూ దొరికాయి. అది వైరస్‌ల కథ కదా, ఇక్కడెందుకు అనవచ్చు. ఇక్కడే అసలు ప్రమాదం ఉంది. 1994లో ఆఫ్రికా సెరెంగెటిలో డిస్టెంపర్ సోకి సుమారు వెయ్యి సింహాలు చనిపోయాయి. వేరే సంవత్సరాల్లో అదే వైరస్ వచ్చినా సింహాలు తట్టుకున్నాయి. తేడా ఎక్కడుందో 2008లో తేలింది. కరువుతో నీరసించిన అడవిదున్నల మీద పిడుదులు పెరిగి, వాటిని తిన్న సింహాల రక్తంలో బబీసియా నిండిపోయిన సమయంలోనే డిస్టెంపర్ వచ్చింది. వైరస్ రక్షణను కూల్చేసింది, అంతవరకూ గుట్టుగా ఉన్న బబీసియా చంపేసింది. 2018లో గుజరాత్ గిర్ అడవిలో ఇరవైకి పైగా సింహాలు చనిపోయినప్పుడు కూడా డిస్టెంపర్, బబీసియా రెండూ దొరికాయి.

రక్తంలో నిద్రపోతున్న పరాన్నజీవిని లేపే శక్తి టీకా వేయని కుక్కల గుంపు దగ్గర ఉంది. నంద్యాల జిల్లా రోళ్లపాడులో తోడేళ్లు, గుంటనక్కలు తిరిగే గడ్డిభూమి అంచున గొర్రెల మందలు, వాటి కుక్కలు ఉన్నాయి. గౌడవెల్లి బీడులో నక్కల అంచున వెంచర్లు, వాటి కుక్కలు ఉన్నాయి. రెండుచోట్లా సూత్రం ఒకటే.

మన చేతిలో ఉన్నది

మొదటి పని పిడుదు ఇంటి మీద దృష్టి పెట్టడం. కుక్క ఒంటిమీద కనిపించేవి కొన్నే, గోడల్లో ఉన్నవి చాలా ఎక్కువ. కుక్క పడుకునే చోట గోడ పగుళ్లు సిమెంటుతో పూడ్చండి. గోనెసంచులు ఎండలో వేయండి లేదా మార్చండి. గూడు చుట్టూ గడ్డి కోయించండి. పశువైద్యులు చెప్పిన మోతాదులోనే పిడుదుమందు వాడండి, వాడాల్సినన్ని నెలలు వాడండి. ఒకసారి పూసి వదిలేస్తే పగుళ్లలో ఉన్న తర్వాతి తరం కిందికి దిగుతుంది. కిరోసిన్ పూయడం, పశువుల మందును అంచనాగా కలిపి ఒళ్లంతా రాయడం కుక్కకు విషమే. కుక్కల కోసం అమ్మే పెర్మెత్రిన్ మందును పిల్లికి రాస్తే పిల్లి చనిపోవచ్చు. పిడుదును వేళ్ల మధ్య చిదమకండి. పట్టుకారుతో చర్మానికి దగ్గరగా పట్టి నిదానంగా లాగి, స్పిరిట్‌లో వేసి, చేతులు కడుక్కోండి. కుక్క బబీసియా మనుషులకు రాదు గానీ, అదే పిడుదు మనకు ఇండియన్ టిక్ టైఫస్ అంటించగలదు.

రెండో పని రక్తం చూడకుండా మందు వేయించకపోవడం. జ్వరమొచ్చిన కుక్కకు ఇంట్లో ఉన్న నొప్పిమాత్రలు వేయకండి. ఐబుప్రొఫెన్ లాంటివి వాటి కడుపును, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. ఒక స్లైడు, ఒక రంగుసీసా, ఒక మైక్రోస్కోప్ ప్రతి మండల పశువుల దవాఖానాలో పనిచేసే స్థితిలో ఉండాలని అడగడం మన హక్కు. జబ్బు తగ్గిన కుక్క కూడా రక్తంలో కొంత పరాన్నజీవిని దాచుకునే ఉంటుంది కాబట్టి, దాని రక్తాన్ని వేరే కుక్కకు ఎక్కించేముందు పరీక్ష తప్పనిసరి.

మూడోది ఊరంతా కలిసి చేయాల్సిన పని. కోళ్ల ఫారం వ్యర్థాలను, చచ్చిన పశువులను లోతుగా పూడ్చాలి. కళేబరాల గుంట మూతపడితే కుక్క, నక్క ఒకచోట చేరే విందు ఆగిపోతుంది. జంతు జనన నియంత్రణ నియమాలు 2023 ప్రకారం వీధికుక్కలకు ఆపరేషను చేసి, రేబిస్ టీకా వేసి, తెచ్చిన చోటే వదలాలి. కుక్క చేతికి దొరికిన ఆ ఒక్క రోజునే పిడుదుమందు కూడా వేసి, చెవికొన నుంచి ఒక రక్తపుచుక్క స్లైడు మీద తీసుకుంటే అదనంగా అయ్యే ఖర్చు కొద్దిదే. ఏ వీధిలో ఏ పరాన్నజీవి తిరుగుతోందో చెప్పే పటం దానంతటదే తయారవుతుంది.

ఇక నక్క సంగతి. ఔటర్ రింగ్ రోడ్డు మీద, పల్లె దారుల్లో వాహనాల కింద పడి నక్కలు చనిపోతుంటాయి. వాటిని పక్కకు ఈడ్చేసి మరచిపోతున్నాం. అలా చనిపోయిన ప్రతి నక్క నుంచీ కాస్త ప్లీహం, కొంచెం రక్తం, ఒంటిమీది పిడుదులు తీసి భద్రపరిస్తే, బతికున్న ఒక్క నక్కనూ పట్టకుండానే బీడులో ఏ జబ్బు ఉందో తెలుస్తుంది. అటవీశాఖ ఉంది, రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల ఉంది, అత్తాపూర్‌లో లాకోన్స్ ఉంది. ప్యాటన్ 1910లో ఒక మైక్రోస్కోప్‌తో చేసిన పనిని ఇప్పుడు డీఎన్‌ఏ యంత్రాలతో చేయడానికి కావలసినవన్నీ ఈ నగరం చుట్టూనే ఉన్నాయి. వాటిని కలిపే ఒక ఉత్తర్వు కావాలి. అది వచ్చేదాకా మనం చేయగల పని ఇంటి ముందే ఉంది. ఈ రోజు సాయంత్రం మీ కుక్క చెవి మడత విప్పి చూడండి. అక్కడ తీసేసిన ప్రతి పిడుదూ ఒక నక్కను చేరకుండా ఆగిపోయిన పిడుదే.